ముందుగా పడిన వార్త

మార్చి పద్దెనిమిది, సోమవారం. ఆ మధ్యాహ్నం ఆసుపత్రి క్యాంటీన్‌లో వాళ్ళిద్దరూ తిన్నది కాల్చిన రొట్టె, ఉడికించిన గుడ్లు, పలచటి టమాటా సూపు. ఆవిడ తన గుడ్డులోని పచ్చసొన చెంచాతో తీసి ఆయన ప్లేటులో పెట్టింది. "మీరు తినండి. నాకు గొంతు దిగడం లేదు."

అంతకు పావుగంట ముందు ఆవిడను రక్తపరీక్షకు లోపలికి తీసుకెళ్ళారు. అప్పుడే డాక్టరు ఆయనను కూర్చోబెట్టి, "వానలు వెనకబట్టేదాకా ఉంటే గొప్పేనండీ" అన్నాడు. ఆ మాట లోపల పెట్టుకునే ఆయన రెండు పచ్చసొనలూ తిన్నాడు.

"ఇంతకీ డాక్టరు ఏమన్నాడు?" అంది ఆవిడ.

"నీరసం అన్నాడు. టానిక్కు మార్చాడు."

ఆవిడ సూపు గిన్నె వైపు చూస్తూ, "పాపం, మంచి డాక్టరు" అంది. ఆయన కాస్త ఉప్పు తెస్తానని లేచి వెళ్ళాడు.

తేదీలు గుర్తుపెట్టుకోవడం ఆయన ఉద్యోగం. పత్రికలో ఐదో పేజీ అడుగున రెండు కాలమ్‌లు పోయినవాళ్ళవి. ఇరవై ఆరేళ్ళుగా ఆ రెండు కాలమ్‌లూ ఆయనే చూస్తున్నాడు. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎప్పుడు పోయారు, ఎవరిని వదిలి పోయారు. ఆఫీసులో అందరూ ఆయనను "సంతాపంగారూ" అని పిలిచేవారు. టీ తాగుదాం రండి అన్నా అదే పిలుపు, పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పినా అదే పిలుపు. ఆయన ఏమీ అనుకునేవాడు కాదు.

ఆఫీసు బీరువా కింది అరలో ఒక నీలం అట్ట ఫైలు ఉండేది. పెద్దవాళ్ళు మంచాన పడ్డారని తెలియగానే వాళ్ళ జీవిత విశేషాలు రాసి సిద్ధంగా ఉంచుకోవడం ఏ పత్రికలోనైనా ఉన్నదే. అయితే ఇక్కడ ఆ ఫైలు చుట్టూ ఒక నమ్మకం పెరిగింది. ఫైలెక్కినవాళ్ళు తొందరగా పోరని. ఒక ముసలి గాయకుడి మీద పందొమ్మిదేళ్ళ కిందట రాసిన కాగితం అంచులు పసుపెక్కి చిరిగిపోతే మళ్ళీ టైపు చేయించారు. ఆ గాయకుడు మాత్రం ఇంకా కచేరీలు చేస్తూ, ఏడాదికోసారి ఫోను చేసి, "నన్ను ఫైల్లోంచి తీసేయకండిరా నాయనా" అని నవ్వేవాడు. క్రీడల విలేకరికి నలభై నాలుగేళ్ళు. గుండ్రాయిలా ఉన్నాడు కదా అని అతని గురించి ఎవరూ రాయలేదు. ఒక ఆదివారం పొద్దున బూట్లు తొడుక్కుంటూ అతను అలాగే ఒరిగిపోయాడు. అప్పటినుంచీ ఎవరికి ఏ ఆపరేషన్ అన్నా ముందు ఫైలెక్కించేవారు. ప్రూఫ్‌రీడరు గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగి వచ్చి, తన మీద రాసిన కాగితం అడిగి తీసుకుని, మూడు అచ్చుతప్పులు దిద్ది ఇచ్చాడు.

సంతాపంగారు కాలేజీలో తర్కశాస్త్రం చదువుకున్న మనిషి. ఇదంతా ఒట్టిదని ఆయనకు తెలుసు. తెలిసీ మార్చి పంతొమ్మిదిన అందరికన్నా గంట ముందు ఆఫీసుకు వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని, తన భార్య గురించి రాశాడు. ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిందనీ, వరద వచ్చిన ఏడాది పదహారు గంటలు సీటు దిగకుండా ఊరు ఊరంతటికీ లైన్లు కలిపిందనీ, గొంతు విని మనిషి అన్నం తిన్నాడో లేదో చెప్పగలదనీ. భర్త, ఒక అక్క ఉన్నారనీ. చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని నవ్వుతున్న పాత ఫోటో ఒకటి పిన్ను చేశాడు. పోయిన తేదీ ఉండాల్సిన చోట ఖాళీ వదిలి, కాగితాన్ని ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టాడు.

ఆ రాత్రి ఆయనకు హాయిగా నిద్రపట్టింది. తను చేయాల్సింది చేసేశాడు. ఇక ఆ సంగతి గురించి మాట్లాడాల్సిన అవసరం లేదు.

ఆవిడేమో మాట్లాడాలని చూసేది. "నేను పోయాక ఆ పై అరలో ఉన్న దుప్పట్లు..." అని మొదలుపెట్టగానే ఆయన లేచేవాడు. "గ్యాస్ కట్టానో లేదో చూసొస్తా." వంటింట్లోకి వెళ్ళి, కట్టే ఉన్న మీటను మళ్ళీ తిప్పి చూసి, అక్కడే కాసేపు నిలబడేవాడు.

"మన గ్యాస్ అంత జాగ్రత్తగా ప్రపంచంలో ఎవరూ కట్టరండీ" అందొకరోజు ఆవిడ.

ఆవిడ కోరింది ఒక్కటే. అక్కను చూడాలి.

అక్క ఉండేది బస్సులో ఆరు గంటల దూరంలో. ఐదేళ్ళు పెద్ద. తల్లి మంచాన పడి పద్నాలుగు నెలలు బాధపడి పోయినప్పుడు అక్కకు పదహారు, ఈవిడకు పదకొండు. ఆ పద్నాలుగు నెలలూ తల్లి గది అక్కదే. చెల్లెల్ని గడప దాటి రానిచ్చేది కాదు. ఆ తరువాత చెల్లెలికి జడలు వేసింది, చదివించింది, పెళ్ళి చేసింది. కానీ మళ్ళీ ఎప్పుడూ జబ్బు మనిషి ఉన్న గదిలో కాలు పెట్టలేదు. సొంత భర్త ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా బయట మెట్లమీద కూర్చుని, లోపలికి క్యారియర్ పంపించేది. ఆయన పోయాక మాత్రం లోపలికి వెళ్ళి అన్నీ దగ్గరుండి చూసుకుంది.

చెల్లెలికి రోజూ ఫోను చేసేది. జబ్బు పేరు ఎత్తేది కాదు, "ఆ నలత" అనేది. "ఆ నలత తగ్గిందా? నేనే వద్దును, ఈ మోకాళ్ళు ఒకటి." మరుసటి నెల, "ఎండలు ఒకటి." ఆ మరుసటి నెల, "గేటుకి తాళం సరిగ్గా పడటం లేదు, ఇల్లు వదిలి ఎట్లా రాను?"

"అక్కకి భయం. అది రాదు. మనమే వెళ్దామండీ" అంది ఆవిడ ఏప్రిల్‌లో. "ఆరు గంటలేగా, కిటికీ పక్కన కూర్చుంటా."

"కాస్త బలం పుంజుకోనీ."

మేలో మళ్ళీ అడిగింది. అప్పుడూ అదే మాట. ఆ ప్రయాణం చేస్తే అది ఎలాంటి ప్రయాణం అవుతుందో ఆయనకు తెలుసు. దానికి టికెట్టు కొనడానికి ఆయనకు చేతులు రాలేదు. జూన్ వచ్చేసరికి రెండంతస్తులు దిగి వీధిలోకి వెళ్ళే ఓపిక ఆవిడకు లేకపోయింది. ఇక అడగడం మానేసింది.

జూలైలో ఒక గురువారం, కడుపులో చేరిన నీరు తీయించడానికి ఆయన సెలవు పెట్టి, ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దింపించి, ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చారు. ఆవిడ తేలిగ్గా ఉందని చెప్పి రెండు బిస్కెట్లు పాలలో ముంచుకుని తిని పడుకుంది.

అదే సాయంత్రం ఆఫీసులో ఐదో పేజీ నుంచి ఒక ప్రకటన వెనక్కి పోయింది. ఆరంగుళాల ఖాళీ. పేజీ చూస్తున్నది కత్తెర. ఎవరు ఎంత రాసినా సగానికి కోసి పారేస్తాడని ఆయనకు ఆ పేరు. ఖాళీలోకి ఏదైనా పాత జ్ఞాపకాల ముక్క దొరుకుతుందేమోనని నీలం ఫైలు తెరిచాడు. పైనే సంతాపం భార్య కాగితం ఉంది. సంతాపమేమో ఇవాళ సెలవు.

"అయ్యో, నోటితో చెప్పలేక రాసిపెట్టి వెళ్ళాడు" అనుకున్నాడు కత్తెర. ఇంటికి ఫోను చేద్దామని రెండుసార్లు రిసీవరు ఎత్తాడు. మంత్రుల్ని నిలదీసి అడిగిన మనిషి, ఒక ఇంటికి ఫోను చేసి 'నిజమేనా' అని అడగలేక రెండుసార్లూ పెట్టేశాడు. ఖాళీ ఉన్న చోట 'నిన్న' అని రాశాడు. ఫోటో పెద్దది వేయించాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఒక్క మాట కూడా కొయ్యకుండా పేజీ పంపించాడు.

పొద్దున పేపరు ముందు ఆవిడే తీస్తుంది. తీసి ముందు ఐదో పేజీ చూస్తుంది, అది భర్త పేజీ కనుక.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి. నేను పోయానట."

ఆయన గడ్డం మీద సబ్బు నురగతోనే వచ్చాడు. పేపరు చూసి గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూలబడ్డాడు. ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని చివరిదాకా చదివింది.

"ఈ ఫోటో మీ దగ్గరుందని నాకు తెలీదు" అంది. తరువాత, "ఎప్పుడు రాశారు?"

"మార్చిలో."

"మార్చిలోనా! టానిక్కు మార్చిన రోజునా?"

"ఆ మర్నాడు."

ఆవిడ పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుంది. కింద వీధిలో ఎవరో షట్టరు పైకెత్తిన చప్పుడు వినబడింది.

"నాలుగు నెలలు. నాతో చెప్పని మాట ఆఫీసు బీరువాకి చెప్పారు."

ఆయన ఫైలు సంగతంతా చెప్పాడు. గాయకుడు, క్రీడల విలేకరి, ప్రూఫ్‌రీడరు. చెబుతుంటే తనకే పిచ్చిగా వినబడింది. "నువ్వుండాలనే రాశాను" అన్నాడు చివరకు.

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆయన లేచి వీపు నిమిరాడు. దగ్గు తగ్గాక ఆవిడ తన చీర చెంగుతో ఆయన గడ్డం మీది నురగ తుడిచింది. "చదువుకున్నారు కూడానూ" అంది. "ఆ గంటసేపేదో నా దగ్గరే కూర్చుని ఏడవకపోయారా?"

ఎనిమిది కాకముందే మనుషులు రావడం మొదలైంది. కింది వాటాలోని దర్జీ పూలతో వచ్చి, తలుపు తీసిన ఆవిడను చూసి పూలు వెనక్కి దాచుకున్నాడు. "ఇటివ్వండి, తాజాగా ఉన్నాయి" అని అందుకుంది ఆవిడ. ఆఫీసు నుంచి నలుగురు వచ్చారు, ముందు కత్తెర. కుర్చీలో కూర్చున్న ఆవిడను చూడగానే, చెప్పులు విడవబోతున్నవాడు అలాగే ఆగిపోయాడు.

"రండి అన్నయ్యా. ఒక్క ముక్క కూడా కొయ్యలేదని మా ఆయన చెప్పారు, ఎంత అభిమానం!"

కత్తెర గుమ్మంలోనే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఆవిడే నీళ్ళు తెప్పించి తాగించింది.

వాళ్ళు వెళ్ళాకగానీ అక్క గుర్తుకు రాలేదు. ఫోను చేస్తే పక్కింటావిడ ఎత్తింది. పొద్దున్నే పేపరు చూసి ఏడుస్తూ మొదటి బస్సు ఎక్కేసిందని, ఫోను కూడా ఇక్కడే పడేసి పోయిందని చెప్పింది.

ఆయన కంగారుపడ్డాడు. "ఎట్లాగైనా కబురు చేయాలి. డిపోకి ఫోను చేస్తా. పాపం, ఆరు గంటలు ఏడుస్తూ..."

"వద్దు." ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "బతికున్నానని తెలిస్తే మధ్యలో దిగిపోతుంది. పోయినవాళ్ళంటే అక్కకి భయం లేదండీ. పోతున్నవాళ్ళంటేనే."

ఆయన ఫోను పెట్టేశాడు. తప్పో ఒప్పో ఆయనకు తేలలేదు. ఆవిడ మాత్రం తల దువ్వమంది. ఇన్నాళ్ళకు మొదటిసారి అద్దం అడిగింది.

రెండు దాటాక మెట్లమీద చప్పుడైంది. ఒక్కొక్క మెట్టూ ఆగి ఆగి ఎక్కుతున్న మనిషి. మోకాళ్ళ మాట అబద్ధమేమీ కాదు. ఆవిడ తనే తలుపు తీస్తానని పట్టుబట్టి, గోడ పట్టుకుని వెళ్ళి తీసింది.

అక్క చేతిలో సంచి, ముఖమంతా వాచి ఉంది. చెల్లెల్ని చూసి ఒక మెట్టు వెనక్కి దిగింది. ఇంకో మెట్టు దిగి అక్కడే చతికిలబడింది.

"అక్కా."

"ఏంటే ఇది? ఏం ఆటలివి?" అక్క గొంతు లేచింది. వెనకున్న మరిదిని చూసి ఇంకా లేచింది. "చదువుకున్నవాళ్ళు చేసే పనేనా మరిదిగారూ? నా ప్రాణం ఎన్నిసార్లు పోయిందో తెలుసా బస్సులో?"

ఆయన చేతులు జోడించాడు. "పొరపాటు జరిగింది వదినా. నాదే."

"ఆయన్ని అనకు. నన్ను చెప్పనివ్వు" అంది చెల్లెలు. "నేను చచ్చాక వస్తావా అక్కా? బతికుండగా రాలేవా?"

అక్క సంచిలో జేబురుమాలు వెతుక్కుంది. చివరికి మరిది వైపు చూసి, "వెనక్కి బస్సు ఎన్నింటికి?" అని అడిగింది.

"ఐదున్నరకొకటి ఉంది."

లోపలికి వచ్చింది కానీ ముందు గదిలో తలుపు పక్క కుర్చీ అంచునే కూర్చుంది. సంచి ఒళ్ళోంచి దింపలేదు. చెల్లెలు ఎదురుగా సోఫాలో ఒరిగింది. ఒకరు బస్సు గురించి, ఒకరు వానల గురించి మాట్లాడారు. చెల్లెలి ఉబ్బిన పాదాల మీద అక్క చూపు పడటం, వెంటనే కిటికీ మీదికి పోవడం ఆయన చూశాడు. ఆ చూపు ఆయనకు బాగా తెలిసిన చూపు. మార్చి నుంచీ ఆయన కళ్ళు చేస్తున్న పనే అది.

ఆయన వచ్చి సోఫాలో భార్య పక్కన కూర్చున్నాడు.

"డాక్టరు నాతో వేరే చెప్పాడు" అన్నాడు. "ఈ వానలు వెనకబట్టేలోపే అన్నాడు. అంతకన్నా ఉండవన్నాడు."

బయట వాన పడుతూనే ఉంది. ఆవిడ కళ్ళు మూసుకుని, తెరిచింది. "నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు గొంతులు వినే కదా బతికింది. మీ నోట వినాలని ఉండింది, అంతే."

"నా ముందు ఆ మాటలొద్దు!" అక్క లేచి నిలబడింది. సంచి గుండెకు పట్టుకుని, చెప్పులు వేసుకుని, తలుపు తీసుకుని బయటికి పోయింది.

ఆయన వెనకే వెళ్ళాడు. అక్క పోలేదు. మెట్ల మలుపు దగ్గర కిటికీ కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది.

"మా అమ్మ నా మణికట్టు పట్టుకుని పోయింది మరిదిగారూ" అంది, ఆయన వైపు తిరగకుండా. "ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఎవరూ లేరు. చెల్లి బడికి పోయింది. ఒక్కొక్క వేలే విడదీశాను. పదహారేళ్ళ పిల్లని. చెల్లి వచ్చేలోపు విడిపించుకోవాలి కదా. అప్పటినుంచీ ఎవరైనా మంచాన పడితే నా మణికట్టు నొప్పెడుతుంది. ఇప్పుడూ నొప్పెడుతోంది. నేను చెడ్డదాన్ని కాదు."

ఓదార్చే మాటలు రోజుకు నాలుగు రాసే మనిషికి ఒక్కటీ తోచలేదు.

"నేను నాలుగు నెలలుగా గ్యాస్ కట్టానో లేదో చూసొస్తూనే ఉన్నాను వదినా" అన్నాడు.

అక్క అర్థంకానట్టు చూసి, అర్థమై, ముక్కు తుడుచుకుంది. ఇద్దరూ కాసేపు వాన చూశారు. ఆయన ఉండమని అడగలేదు, వెళ్ళమనీ అనలేదు. "గొడుగు కావాలంటే తలుపు వెనక ఉంది" అని మాత్రం చెప్పి లోపలికి వచ్చేశాడు.

ఆఫీసు నుంచి ఫోను. రేపటి పేపర్లో సవరణ వేయాలి, మాటలు మీరే చెప్పండి అని. ఆయన రిసీవరు పట్టుకుని తడబడుతుంటే భార్య సోఫాలోంచే చెప్పించింది.

"రాసుకోమనండి. ఐదో పేజీ వార్తలో 'నిన్న' అన్న మాట పొరపాటున పడింది. మిగతాదంతా నిజమే."

"తప్పుకు చింతిస్తున్నాం అని చివర వేయాలిగా, అది పద్ధతి" అన్నాడు ఆయన.

"తీసేయమనండి. నేను బతికున్నందుకు చింతిస్తున్నట్టుంటుంది."

తలుపు దగ్గర ఎవరో నవ్వి, నవ్వు మింగేశారు. చూస్తే అక్క. చెప్పులు విడిచి ఉంది. గోడ గడియారం ఐదూ నలభై చూపిస్తోంది.

ఆ సాయంత్రం అక్క వంటింట్లోకి వెళ్ళి, తీసిన డబ్బా తీసినట్టే పెట్టి, మరిది ఇల్లు సర్దే తీరును తిట్టిపోస్తూ బంగాళాదుంపలు ఉడికించింది. చెల్లెలు నాలుగు చెంచాలు తిన్నది. తింటూ, పై అర దుప్పట్ల సంగతి చెప్పింది. ఏది ఎవరికివ్వాలో, పింఛను కాగితాలు ఎక్కడున్నాయో, తను పోయాక ఆయన రోజుకు ఒక్క పూటైనా వేడిగా తినాలనీ. ఆయన లేవలేదు. ఒకసారి కాళ్ళు వాటంతటవే లేవబోతే మోకాళ్ళ మీద చేతులు నొక్కిపెట్టి కూర్చున్నాడు. అక్క వంటింట్లోంచి రాలేదు. కానీ గిన్నెలు కడిగే చప్పుడు మధ్య మధ్య ఆగిపోవడం ఆయనకు వినబడింది.

తొమ్మిదికి ఆయన భార్యను లోపలి గదిలో పడుకోబెట్టాడు. అక్కకు, తనే అడిగినట్టు, ముందు గదిలో తలుపు దగ్గరగా పక్క వేశాడు. దీపం తగ్గించి వెనక్కి తిరిగేసరికి లోపలి గది గుమ్మంలో అక్క నిలబడి ఉంది, చంకలో దిండు. లోపలికి రావడం లేదు, పోవడమూ లేదు. ఎడమ మణికట్టును కుడిచేత్తో గట్టిగా పట్టుకుని ఉంది.

మంచం మీద ఆవిడ ఒక్కొక్క అంగుళమే కష్టపడి గోడవైపు జరిగింది. సగం మంచం ఖాళీ అయింది.

"చిన్నప్పుడు గోడవైపు కావాలని ఏడ్చి చచ్చేదానివి" అంది అక్క, గుమ్మంలోంచే.

"ఇచ్చేదానివి కాదుగా."

అక్క గడప దాటింది. దిండు ఒకవైపు సర్ది, మంచం అంచున కూర్చుంది. ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టు కూర్చుంది. కాసేపటికి ఆ ఊపిరి మెల్లగా వదిలింది.

"మీరు ముందు గదిలో పడుకోండి మరిదిగారూ" అంది. "ఏదైనా అయితే పిలుస్తాను."

ఏదైనా అయితే, అన్న మాట ముగ్గురూ విన్నారు. ఎవరూ దాన్ని వెనక్కి తీసుకోలేదు.

ఆయన బయటికి వచ్చాడు. అక్కకోసం వేసిన పక్క మీద కూర్చుని కళ్ళజోడు తీశాడు. లోపల ఇద్దరూ ఏదో గుసగుసగా చెప్పుకుంటున్నారు, మధ్యలో ఒక చిన్న నవ్వు, తరువాత చాలాసేపు ఏడుపు. ఎవరిదో ఆయనకు తెలియలేదు. వెళ్ళాలనిపించి ఆగాడు. అడుగుల చప్పుడైంది. అక్క గుమ్మం దాకా వచ్చి, మీరు పడుకోండన్నట్టు ఆయన వైపు ఒకసారి చూసి, గడియ చప్పుడు కాకుండా లోపలి నుంచి తలుపు మెల్లగా మూసుకుంది.